స్కాట్ రీఫ్: దూరం కాపాడిన పగడపు దిబ్బకు గ్యాస్ గండం

ఆస్ట్రేలియా వాయవ్య తీరానికి దాదాపు 270 కిలోమీటర్ల అవతల, నడిసముద్రంలో ఒక ఇసుక తిన్నె ఉంది. దాని పేరు శాండీ ఐలెట్. అక్కడ చెట్టు లేదు, మంచినీళ్లు లేవు, మనిషి ఉండడు. అక్కడి వేసవి రాత్రుల్లో, అంటే మనకు చలికాలంలో, పచ్చ సముద్రపు తాబేళ్లు ఆ తిన్నె ఎక్కుతాయి. తల్లి తాబేలు ముందు కాళ్లతో తన ఒళ్లు పట్టేంత పల్లం చేసుకుంటుంది. తర్వాత వెనక కాళ్లతో చారెడు చారెడు ఇసుక తోడి, కుండ ఆకారంలో గుంట తవ్వుతుంది. వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి, వెనుదిరిగి చూడకుండా నీళ్లలోకి వెళ్లిపోతుంది. సుమారు రెండు నెలలకు పిల్లలు పైకి వస్తాయి. దారి చూపడానికి తల్లి ఉండదు. చీకట్లో, దిగంతం దగ్గర ఎటు వెలుతురుగా ఉంటే అటే పరుగు తీస్తాయి. తరతరాలుగా వాటికి ఆ వెలుతురంటే చుక్కల కాంతి, వెన్నెల పడి మెరిసే సముద్రం. అంతే.

ఆ తిన్నె స్కాట్ రీఫ్ అనే పగడపు దిబ్బలో ఒక ముక్క. ఆ దిబ్బ కింద, సముద్రగర్భంలో కిలోమీటర్ల లోతున, టొరోసా అనే సహజవాయు నిక్షేపం ఉంది. 1971లో అక్కడ తవ్వినప్పుడే గ్యాస్ జాడ దొరికింది. తర్వాత దక్షిణాన బ్రెక్‌నాక్, కాలియన్స్ అనే మరో రెండు నిక్షేపాలు బయటపడ్డాయి. ఈ మూడింటినీ కలిపి బ్రౌజ్ ప్రాజెక్టు అంటారు. ఆస్ట్రేలియాలో ఇంతవరకూ తోడకుండా మిగిలిన గ్యాస్ నిల్వల్లో ఇది అతిపెద్దవాటిలో ఒకటి. యాభై ఏళ్లుగా ఎందరో చూశారు, లెక్కలు వేశారు, వెనక్కి తగ్గారు. ఇప్పుడు ఆస్ట్రేలియా చమురు, గ్యాస్ సంస్థ వుడ్‌సైడ్ మళ్లీ గట్టిగా ముందుకు కదులుతోంది. భాగస్వాములుగా బ్రిటన్‌కు చెందిన బీపీ, జపాన్‌ సంస్థలు మిత్సుయి, మిత్సుబిషిల ఉమ్మడి కంపెనీ, చైనాకు చెందిన పెట్రోచైనా ఉన్నాయి.

ఇక్కడ తవ్వాలా వద్దా అన్న వాదంలో రెండు పక్షాలూ ఒకే పరిశోధనను చూపిస్తాయి. ఆ పరిశోధన ఏం చెప్పిందో తెలిస్తే అసలు విషయం చాలావరకు తేలిపోతుంది. అందుకే ముందు పగడం సంగతి.

పక్క ఊరు లేని ఊరు

పగడం అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది నవరత్నాల్లో ఎర్రరాయి, కుజుడి ఉంగరం. నిజానికి అది రాయి కాదు, ఒక జీవి కట్టుకున్న కట్టడం. నగల్లో వాడే పగడం లోతు నీళ్లలో పెరిగే వేరే జాతి. దిబ్బలు కట్టే పగడాలు వెలుతురు చేరే నీళ్లలో బతుకుతాయి. పాలిప్ అనే మెత్తని జీవి సముద్రపు నీటి నుంచి సున్నం తీసుకుని తన చుట్టూ గట్టి గూడు కట్టుకుంటుంది. గోరంత కూడా ఉండని ఈ జీవులు లక్షలూ కోట్లూ కలిసి, తరాల మీద తరాలు, పాత గూళ్ల మీద కొత్త గూళ్లు పేరుస్తూ పోతే దిబ్బ తయారవుతుంది. పాలిప్ తన ఒంట్లోనే సూక్ష్మమైన శైవలాలకు చోటిస్తుంది. అవి ఎండను తిండిగా మార్చి, అందులో పెద్ద వాటాను పాలిప్‌కే ఇస్తాయి. పగడపు రంగుకు కూడా ముఖ్య కారణం అవే.

నీళ్లు మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై, వారాల తరబడి అలాగే ఉంటే ఈ కాపురం చెడుతుంది. పాలిప్ శైవలాలను బయటికి నెట్టేస్తుంది. రంగు పోయి లోపలి సున్నం తెల్లగా కనిపిస్తుంది. దీన్నే బ్లీచింగ్ అంటున్నారు. నీళ్లు త్వరగా చల్లబడితే శైవలాలు తిరిగొస్తాయి. లేకపోతే పగడం ఆకలితో చస్తుంది.

1998లో ప్రపంచమంతా వేడెక్కిన ఆ ఏడాది స్కాట్ రీఫ్ కూడా తెల్లబారింది. అడుగున బతికున్న పగడం పరుచుకుని ఉన్న మేర 9 శాతానికి పడిపోయింది. ప్రతి అయిదు పగడాల్లో నాలుగు పోయాయనుకోవచ్చు. ఆ దిబ్బ పని అయిపోయిందనుకోవడానికి బలమైన కారణమే ఉంది. కరువులో ఒక ఊరి పంట మొత్తం ఎండిపోతే పక్క ఊరి నుంచి విత్తనం తెచ్చుకుంటారు. పగడాలకూ అదే పద్ధతి. దెబ్బతిన్న దిబ్బకు పొరుగు దిబ్బల నుంచి పగడపు లార్వాలు, అంటే నీళ్లలో తేలే పసికూనలు, ప్రవాహాల మీద కొట్టుకొచ్చి, అడుగున అతుక్కుని, మళ్లీ మొదలుపెడతాయి. స్కాట్ రీఫ్‌కు అలాంటి పక్క ఊరు లేదు. ఉత్తరాన కాస్త దూరంలో ఉన్న సెరింగపటం రీఫ్ అనే చిన్న దిబ్బ తప్ప, ఆసరా ఇవ్వగల దిబ్బలు వందల కిలోమీటర్ల అవతల ఉన్నాయి. (సెరింగపటం అంటే శ్రీరంగపట్నానికి ఆంగ్లేయులు పెట్టుకున్న పలుకు. కావేరి ఒడ్డున ఉన్న ఊరి పేరు అంత దూరాన నడిసముద్రంలో ఒక పగడపు దిబ్బకు నిలిచిపోయింది.)

ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెరైన్ సైన్స్ శాస్త్రవేత్తలు 1990ల నడుమ నుంచే ఈ దిబ్బను గమనిస్తున్నారు. బ్లీచింగ్ తర్వాత కూడా వాళ్లు వదలకుండా, అవే చోట్లకు మళ్లీ మళ్లీ మునిగి, అడుగును ఫొటోలు తీసి లెక్కగట్టారు. 2013లో జేమ్స్ గిల్మర్ బృందం ఆ లెక్కలను సైన్స్ పత్రికలో ప్రచురించింది. బ్లీచింగ్ తర్వాత ఆరేళ్ల పాటు లార్వాల రాక 94 శాతం తగ్గిపోయింది. విత్తనం దాదాపు లేనట్టే. అయినా 12 ఏళ్లలో పగడం పరుచుకున్న మేర 9 శాతం నుంచి 44 శాతానికి పెరిగింది.

ఎలా? మోడు చిగురించినట్టు. చావకుండా మిగిలిన కొద్దిపాటి పగడాలు ముందు తాము పెరిగాయి. తగినంత పెరిగాక అవే గుడ్లు వదిలాయి. వాటి పిల్లలే దిబ్బను నింపాయి. బయటి విత్తనం అందకపోయినా, గాదె అడుగున మిగిలిన గుప్పెడు గింజలతోనే ఊరు మళ్లీ పచ్చబడింది. అలా జరగడానికి కొన్ని అనుకూలతలు కలిసొచ్చాయి. నీళ్లు తేటగా ఉన్నాయి. నది బురద రాదు, మురుగు రాదు, ఎరువులు కొట్టుకురావు. చచ్చిన పగడాల మీద నాచు పెరిగిపోకుండా ఎప్పటికప్పుడు మేసేసే చేపలు నిండుగా ఉన్నాయి. ఒంటరితనం వల్ల విత్తనం అందని నష్టం కంటే, మనుషుల నిత్య ఒత్తిడి లేకపోవడం వల్ల కలిగిన మేలే ఎక్కువని ఆ పరిశోధన తేల్చింది.

తవ్వకాన్ని సమర్థించేవాళ్లు ఇందులో మొదటి సగమే చదువుతున్నారు. దిబ్బ గట్టిది, ఎంత దెబ్బ తగిలినా కోలుకుంటుంది, కాబట్టి పక్కన కొన్ని బావులు తవ్వితే కొంపేమీ మునగదు అన్నది వాళ్ల వాదన. కానీ కోలుకోవడానికి కారణం మనుషుల నిత్య ఒత్తిడి లేకపోవడం అని అదే పరిశోధన చెబుతోంది. గ్యాస్ ప్రాజెక్టు తెచ్చేది సరిగ్గా ఆ నిత్య ఒత్తిడినే. అది ఒక రోజు తుపాను కాదు. దశాబ్దాల పాటు రాత్రీ పగలూ సాగే పని. రోగి లేచి కూర్చున్నాడు కదా అని, ఏ మందుతో లేచాడో ఆ మందునే ఆపేస్తామన్నట్టుంది ఈ తర్కం.

2016లో రెండో దెబ్బ పడింది. ఆ బ్లీచింగ్‌లో స్కాట్ రీఫ్ దాదాపు మూడొంతుల పగడాన్ని మళ్లీ కోల్పోయింది. మొదటిసారి కోలుకోవడానికి 12 ఏళ్లు పట్టింది. రెండు దెబ్బల మధ్య దొరికింది 18 ఏళ్లు. 2024-25 వేసవిలో పశ్చిమ ఆస్ట్రేలియా తీరం వెంబడి మళ్లీ సముద్రపు నీళ్లు తీవ్రంగా వేడెక్కి, నింగలూ నుంచి కింబర్లీ దాకా పగడాలు తెల్లబారాయి. విరామం కుదించుకుపోతోంది. వేడిని ఒక్క ప్రాజెక్టు ఆపలేకపోవచ్చు. కానీ వేడికి, వేడికి మధ్య దొరికే ఆ కొద్ది ఏళ్లలో దిబ్బ ప్రశాంతంగా పెరగగలదా లేదా అన్నది మాత్రం మనుషుల చేతిలోనే ఉంది.

యాభై ఏళ్ల తడబాటు

ఈ గ్యాస్‌ను బయటికి తేవడానికి ఇప్పటికి చాలా దారులు చూశారు. మొదట కింబర్లీ తీరంలో, బ్రూమ్ పట్టణానికి ఉత్తరాన జేమ్స్ ప్రైస్ పాయింట్ అనే చోట ద్రవీకరణ కర్మాగారం కట్టాలనుకున్నారు. అక్కడి ఆదివాసులకు అది వల్మడనీ. పూర్వీకుల కథలు నడిచిన దారి. గూలరబూలూ ప్రజలు, బ్రూమ్ వాసులు ఏళ్ల తరబడి రోడ్డు మీద కూర్చున్నారు. 2013 ఏప్రిల్‌లో వుడ్‌సైడ్ ఆ ఆలోచన విరమించింది. ఖర్చు కారణమని చెప్పింది. తర్వాత సముద్రం మీదే ఓడలో గ్యాస్‌ను ద్రవంగా మార్చే పథకం వచ్చింది. ధరలు పడిపోవడంతో 2016లో దాన్నీ పక్కన పెట్టారు.

ఇప్పటి పథకం వేరు. సముద్రం అడుగున యాభైకి పైగా బావులు, పైన లంగరేసి ఉండే రెండు పెద్ద ఓడలు. వీటిని ఎఫ్‌పీఎస్‌ఓలు అంటారు. బావుల నుంచి వచ్చినదాన్ని గ్యాస్, కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే పలచని నూనె), నీరుగా వేరు చేసే తేలే కర్మాగారాలివి. వేరు చేసిన గ్యాస్ దాదాపు 900 కిలోమీటర్ల పైపులైన్లో నైరుతిగా కరాతా దగ్గరున్న నార్త్ వెస్ట్ షెల్ఫ్ ప్లాంటుకు వెళుతుంది. అక్కడ ద్రవీకరించి ఎగుమతి చేస్తారు. 1980ల్లో మొదలైన ఆ ప్లాంటుకు పాత బావులు ఖాళీ అవుతున్నాయి. యంత్రాలు ఉన్నాయి, కాంట్రాక్టులున్నాయి, వాటిలో పోయడానికి గ్యాస్ కావాలి. బ్రౌజ్ వెనకున్న ఒత్తిడి అసలు ఇదే. 2025 సెప్టెంబరులో ఆస్ట్రేలియా పర్యావరణ మంత్రి మర్రీ వాట్ ఆ ప్లాంటు 2070 దాకా నడవడానికి అనుమతి ఇచ్చారు. పొయ్యికి 2070 దాకా అనుమతి ఇచ్చాక కట్టెల కోసం వెతుకులాట ఆగదు. ఆ అనుమతిని స్కాట్ రీఫ్‌తో సంబంధం లేని విషయంగా చూడటం కుదరదు.

ఈ కథలో చిన్నదే అయినా మరిచిపోలేని ముక్క ఒకటుంది. ఆస్ట్రేలియాలో తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ల దాకా సముద్రం రాష్ట్రానిది, ఆపైన కేంద్రానిది. స్కాట్ రీఫ్‌లో నీటిపైకి తేలే తిన్నె, రాళ్లు ఉన్నాయి కాబట్టి వాటి చుట్టూ కూడా రాష్ట్ర జలాలుంటాయి. 2014 ప్రాంతంలో సర్వేలో ఇంకొన్ని చిన్న రాళ్లు లెక్కలోకి రావడంతో సరిహద్దు గీత జరిగి, టొరోసా గ్యాస్‌లో పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రం వాటా బాగా పెరిగింది. కాసిన్ని రాళ్లు ఒక గ్యాస్ నిక్షేపం యాజమాన్యాన్ని మార్చగలిగాయి. ఆ రాళ్ల చుట్టూ బతికే ప్రాణులకు మాత్రం ఆ కొలతలో చోటు లేదు. ఇప్పుడు ప్రాజెక్టుకు రాష్ట్రం, కేంద్రం రెండూ ఒప్పుకోవాలి.

వెలుతురు, చప్పుడు, బురద

సముద్రంలో గ్యాస్ అనగానే అందరూ పేలుడు గురించే అడుగుతారు. అది తర్వాత. ఏ ప్రమాదం జరగకపోయినా, అంతా కాగితం మీద రాసినట్టే నడిచినా జరిగే నష్టాన్ని ముందు చూడాలి.

మొదటిది వెలుతురు. డ్రిల్లింగ్ ఓడ, ఎఫ్‌పీఎస్‌ఓ, వాటికి సరుకు తెచ్చే పడవలు రాత్రంతా దీపాలతో ఉంటాయి. అవసరమైనప్పుడు మండించే ఫ్లేర్ మంట మైళ్ల దూరం కనిపిస్తుంది. కోనసీమలో రాత్రిపూట గ్యాస్ మంట చూసినవాళ్లకు దాని వెలుగు ఎంత దూరం పాకుతుందో వేరే చెప్పనక్కర్లేదు. శాండీ ఐలెట్ మీద ఇసుక చీల్చుకొచ్చే పిల్లకు అదే వెన్నెల. అటు నడుస్తుంది. నీళ్లలో దిగాక కూడా అటే ఈదుతుంది. దీపాల చుట్టూ చేరిన చేపలకు దొరికిపోతుంది. విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లే గుడ్లను హేచరీల్లో కాపాడి పిల్లల్ని సముద్రంలో వదిలేవాళ్లు రోడ్డు లైట్లతో పడే తిప్పలు ఇవే. కాకపోతే అక్కడ చేత్తో తీసి నీళ్లవైపు తిప్పే మనిషి ఉంటాడు. శాండీ ఐలెట్ మీద ఎవరూ ఉండరు. పైగా స్కాట్ రీఫ్, బ్రౌజ్ దీవుల్లో గుడ్లు పెట్టే పచ్చ తాబేళ్లు జన్యుపరంగా ప్రత్యేకమైన గుంపు. ఇవి తగ్గిపోతే ఆస్ట్రేలియాలో వేరేచోట పుట్టిన తాబేళ్లు వచ్చి ఆ లోటు పూడ్చవు. ఆడ తాబేలు తాను పుట్టిన ప్రాంతానికే గుడ్లు పెట్టడానికి తిరిగొస్తుంది.

ఆ తిన్నె ఎత్తు కూడా చాలా తక్కువ. కింద నుంచి దశాబ్దాల పాటు గ్యాస్ తోడితే రాతి పొరలు కుంగి, సముద్రపు అడుగు కొంత దిగుతుంది. పైనుంచి సముద్రమట్టం పెరుగుతోంది. మెట్ట మీద ఊరికి కొన్ని సెంటీమీటర్లు లెక్కలోకి రావు. పోటు నీళ్లు గుడ్లను ముంచడానికి మాత్రం అవి చాలు.

రెండోది చప్పుడు. పిగ్మీ నీలి తిమింగిలాలు ఆస్ట్రేలియా నైరుతి తీరానికి, ఇండోనేషియా బండా సముద్రానికి మధ్య ఏటా రాకపోకలు సాగిస్తాయి. దారిలో స్కాట్ రీఫ్ పరిసరాల్లో మేత కోసం ఆగుతాయని ఆధారాలున్నాయి. దిబ్బ అంచున లోతు నుంచి చల్లని, పోషకాలున్న నీళ్లు పైకి పొంగుతుంటాయి. అక్కడ తిండి దొరుకుతుంది. వీటి పిలుపు మనిషి చెవికి ఆనని మంద్రస్థాయిలో ఉంటుంది. ఓడల ఇంజిన్ల మోత కూడా అదే స్థాయిలో ఉంటుంది. జాతరలో మైకు పక్కన నిలబడి మాట్లాడుకోవాలన్నట్టు అవుతుంది వాటి పరిస్థితి.

మూడోది బురద. బావి తవ్వినప్పుడు రాతిని తొలిచే మొనను (బిట్) చల్లబరచడానికి, రాతి ముక్కల్ని పైకి తేవడానికి మడ్ అనే చిక్కని ద్రవాన్ని పంపుతారు. పైకొచ్చిన రాతిపొడిలో చాలా భాగం తిరిగి సముద్రంలోకే పోతుంది. తర్వాత గ్యాస్‌తో పాటు భూగర్భం నుంచి వచ్చే ఉప్పునీటిని శుద్ధి చేసి వదులుతారు. మామూలు సముద్రంలో ఇవి పలచబడిపోతాయంటారు. కానీ స్కాట్ రీఫ్ దక్షిణ భాగం గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. దాని మధ్యనున్న లగూన్ 70 మీటర్ల దాకా లోతు. అంత లోతులోనూ పగడాలు పెరుగుతున్నాయి. అందే కొద్దిపాటి వెలుతురును పట్టుకోవడానికి విస్తరాకుల్లా పలచగా, వెడల్పుగా పరుచుకుని ఉంటాయవి. ఇలాంటి చోటు ప్రపంచంలో అరుదు. నీళ్లు కాస్త మసకబారినా వాటి వెలుతురు వాటా పోతుంది. విస్తరి మీద దుమ్ము పడినట్టు వాటి మీద మట్టి పేరుకుంటే దులుపుకునే ఓపికా వాటికి తక్కువే.

ఇవన్నీ కలిసే సమయం కూడా ఉంది. స్కాట్ రీఫ్ పగడాలు ఏడాదికి రెండు విడతలుగా, మార్చి-ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి గుడ్లు వదులుతాయి. పౌర్ణమి తర్వాత కొన్ని రాత్రుల్లో, వెన్నెల లెక్క చూసుకుని, దిబ్బ మీది పగడాలు దాదాపు ఒకేసారి గులాబీ రంగు పూసల్లాంటి గుడ్ల కట్టలు పైకి వదులుతాయి. బయటి విత్తనం అందని ఈ దిబ్బకు ఆ కొద్ది రాత్రులే ఏడాది పంట. ఆ రాత్రుల్లో నీటిమీద ఒక నూనె పొర తేలితే చాలు.

74 రోజులు

ఇక ప్రమాదం సంగతి. స్కాట్ రీఫ్‌కు ఈశాన్యంగా, అదే తైమూర్ సముద్రంలో, 2009 ఆగస్టు 21న మొంటారా చమురు క్షేత్రంలో ఒక బావి అదుపు తప్పింది. థాయిలాండ్‌కు చెందిన పీటీటీఈపీ సంస్థ ఆస్ట్రేలియా విభాగం నడిపిన బావి అది. బావి అడుగున వేసిన సిమెంటు సరిగా పట్టలేదు. పైన బిగించాల్సిన మూతల్లో ఒకటి బిగించనే లేదు. పక్కన మరో బావి తవ్వి దీన్ని మూయడానికి చూశారు. 2,600 మీటర్ల లోతులో ఒక సన్నని గొట్టాన్ని ఇంకో గొట్టంతో తాకాలి. నాలుగుసార్లు తప్పింది. అయిదోసారి తగిలింది, అదే సమయంలో రిగ్గు అంటుకుంది. నవంబరు 3న లీకు ఆగింది. మొత్తం 74 రోజులు.

అప్పటి తూర్పుగోదావరి జిల్లా పాశర్లపూడిలో 1995 జనవరిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయినప్పుడు మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. అది నేల మీద, రోడ్డు పక్కన, లారీలు, పంపులు, నిపుణులు నేరుగా వెళ్లగలిగిన చోట. స్కాట్ రీఫ్‌కు ఓడ తీరం నుంచి చేరడానికే రోజు పడుతుంది. అక్టోబరు దాటితే తుపానుల కాలం.

బ్రౌజ్‌లో ఉన్నది ముడి చమురు కాదు, గ్యాసూ కండెన్సేటూ, అవి త్వరగా ఆవిరైపోతాయి అని సమాధానం వస్తుంది. అందులో నిజం ఉంది. చిక్కని తారులా ఒడ్డుకు కొట్టుకొచ్చే దృశ్యం ఉండదు. కానీ కండెన్సేట్‌లో నీటిలో కరిగే విష పదార్థాలుంటాయి. లార్వాలకు, చేపగుడ్లకు ప్రాణం తీసేది కంటికి కనబడని ఆ భాగమే. దిబ్బకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే బావులుంటే ఆవిరయ్యే లోపే చేరుతుంది.

మొంటారా నేర్పిన పాఠం ఇంకొకటి ఉంది, అది మనుషులది. నూనె ఇండోనేషియా జలాల్లోకి వెళ్లింది. రోటే, కుపాంగ్ ప్రాంతాల్లో తాళ్లకు కట్టి సముద్రపు నాచు పెంచే రైతుల పంట పాడైంది. నాచు తెల్లబడి తాళ్ల నుంచి రాలిపోయింది. మా వల్ల కాదని సంస్థ వాదించింది. 15,000 మందికి పైగా రైతుల తరఫున ఆస్ట్రేలియా కోర్టులో వేసిన దావాలో 2021లో తీర్పు రైతుల వైపు వచ్చింది. 2022లో 19.25 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు రాజీ కుదిరింది. పంట పోయిన పదమూడేళ్లకు. పిల్లల చదువులు ఆగిపోయి, అప్పులు పెరిగిపోయాక వచ్చిన డబ్బది.

ఆ రోటే దీవి నుంచే, తరాలుగా, స్కాట్ రీఫ్‌కు తెరచాప పడవలు వస్తున్నాయి. సముద్ర దోసకాయలు, ట్రోకస్ గవ్వల కోసం. ఆస్ట్రేలియా, ఇండోనేషియా 1974లో ఒప్పందం రాసుకుని, మోటారు లేని సంప్రదాయ పడవలకు ఇక్కడ వేట హక్కును గుర్తించాయి. స్కాట్ రీఫ్‌ను మనిషి అడుగు పెట్టని చోటుగా వర్ణించడం పర్యావరణ ప్రచారాల్లో కూడా కనిపిస్తుంది. అది పొరపాటు. సముద్ర దోసకాయలు వేట వల్ల తగ్గాయన్నది కూడా నిజమే. కానీ గాలివాటం మీద వచ్చి, చేతులతో ఏరుకుని, గాలివాటం మీద పోయే మనిషికీ, దశాబ్దాల పాటు లంగరేసుకుని ఉండే కర్మాగారానికీ పోలిక లేదు. అనుమతుల విచారణల్లో ఆ పడవలవాళ్ల గొంతు వినబడటం చాలా అరుదు.

పొగ లెక్క

బ్రౌజ్ గ్యాస్‌లో సుమారు పదో వంతు కార్బన్ డయాక్సైడే. అంటే ఎవరూ ఇంకా ఏదీ కాల్చకముందే, తోడిన చోటే వేరు చేసి బయటికి వదలాల్సిన పొగ అది. దాన్ని తిరిగి కాలియన్స్ నిక్షేపంలోకి పంపించి భూమిలోనే దాస్తామని వుడ్‌సైడ్ కొత్తగా ప్రతిపాదించింది. ఈ మాట నమ్మాలా అంటే, అదే రాష్ట్రంలో షెవ్రాన్ నడిపే గోర్గాన్ ప్రాజెక్టును చూడాలి. అక్కడ భూగర్భ గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్‌లో 80 శాతం తిరిగి పాతిపెడతామన్నది అనుమతిలో షరతు. 2016లో గ్యాస్ ఎగుమతి మొదలైంది. పాతిపెట్టడం 2019 ఆగస్టులో గానీ మొదలు కాలేదు. ఆ తర్వాత కూడా లక్ష్యానికి చాలా దిగువనే నడుస్తోంది. (గోర్గాన్ గ్యాస్ కొంత పెట్రోనెట్ ద్వారా భారత్‌కూ వస్తుంది. ఏడాదికి 14.4 లక్షల టన్నుల ఒప్పందం. కాబట్టి ఇది పూర్తిగా పరాయి దేశపు గొడవ కూడా కాదు.)

పాతిపెట్టినా అది చిన్న భాగమే. అసలు పొగ ఎగుమతి అయిన గ్యాస్‌ను కొన్న దేశాల్లో కాల్చినప్పుడు వస్తుంది. ఏ దేశంలో కాలినా వేడెక్కేది ఒకే సముద్రం. స్కాట్ రీఫ్‌ను 1998లో, 2016లో చంపినంత పని చేసిన వేడికి ఇంధనం దాని కింద నుంచే తీస్తామంటున్నారు. ఇంత నేరుగా ముడిపడిన కారణం, ఫలితం మరోచోట కనబడటం కష్టం.

గ్యాస్ వైపు వాదనలో బలం లేదనలేం. బొగ్గు కంటే గ్యాస్ కాల్చినప్పుడు పొగ తక్కువ. సౌరవిద్యుత్తు, పవనవిద్యుత్తు నిలకడగా అందేదాకా గ్యాస్ ప్లాంట్లు అవసరమన్నది చాలా దేశాల లెక్క. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎగుమతిదారులు 15 శాతం గ్యాస్ స్థానిక అవసరాలకు ఉంచాలన్న నియమం ఉంది. పాత బావులు ఎండిపోతే అక్కడి పరిశ్రమలకు కొరత రావచ్చు. ఇవి కొట్టిపారేసే విషయాలు కావు. అయితే కొరత 15 శాతం దగ్గరుంది. మిగతా 85 శాతం ఓడలెక్కుతుంది. రాష్ట్రానికి దీపాలు ఆరిపోతాయని చెబుతూ, ఆ దీపాలకు అవసరమైనదానికి ఎన్నో రెట్లు తవ్వడం ఎందుకన్న ప్రశ్నకు సూటి జవాబు రావాల్సి ఉంది. పైగా ఇప్పుడు అనుమతి ఇచ్చినా గ్యాస్ బయటికొచ్చేది 2030ల్లోనే. అప్పటికి బొగ్గు స్థానంలో గ్యాస్ అన్న మాట ఎంత నిలబడుతుందో చూడాలి.

గీత ఎక్కడ గీస్తారు

పశ్చిమ ఆస్ట్రేలియా పర్యావరణ పరిరక్షణ అథారిటీ 2024 ఫిబ్రవరిలో, ఈ ప్రతిపాదన ఆమోదయోగ్యం కాదన్న ప్రాథమిక అభిప్రాయాన్ని వుడ్‌సైడ్‌కు తెలియజేసింది. ఆ సంగతి కొన్ని నెలల తర్వాత పత్రికల ద్వారా బయటికి వచ్చింది. తాబేళ్లు, తిమింగిలాలు, లీకు ప్రమాదం అందులో ప్రధానమైన ఆందోళనలు. గ్యాస్ ప్రాజెక్టుల పట్ల ఉదారంగా ఉంటుందని పేరున్న రాష్ట్రంలో ఇది అసాధారణం. అది తుది తీర్పు కాదు కాబట్టి సంస్థ ప్రతిపాదనను సవరించి, వెలుతురు, లీకు నివారణ విషయాల్లో మార్పులు చేసి మళ్లీ ముందుకు తెచ్చింది. 2025 ముగిసేనాటికి రాష్ట్రం గానీ కేంద్రం గానీ తుది అనుమతి ఇవ్వలేదు.

ఇలాంటి ప్రక్రియలో ఒక చిక్కు ఉంది. అథారిటీ పరిశీలించేది ఆ ఒక్క ప్రాజెక్టు నష్టాన్నే. ఇంత వెలుతురు తగ్గిస్తాం, ఇంత దూరం జరుపుతాం, ఈ నెలల్లో ఆపుతాం అంటూ ప్రతి అభ్యంతరానికి ఒక షరతు పుట్టుకొస్తుంది. షరతులన్నీ చేర్చాక ప్రతి నష్టమూ విడివిడిగా చిన్నదిగానే కనిపిస్తుంది. దిబ్బ మాత్రం వాటిని విడివిడిగా భరించదు. వేడి, మసక నీళ్లు, చప్పుడు, వెలుతురు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఇక్కడ మరో సంగతి చెప్పుకోవాలి. స్కాట్ రీఫ్ గురించి తెలిసిన శాస్త్రంలో మంచి భాగం బ్రౌజ్ భాగస్వాముల డబ్బుతో జరిగిన పరిశోధనే. ఆ పరిశోధన నిజాయతీని శంకించాల్సిన పనిలేదు, సైన్స్ పత్రికలో వచ్చిన ఫలితమే దానికి సాక్ష్యం. కానీ అంత మారుమూల చోటికి వెళ్లి చూసేందుకు ప్రాజెక్టు డబ్బే దిక్కయితే, ప్రాజెక్టు లేనినాడు అక్కడ ఏం జరుగుతోందో చూసేవాళ్లు తగ్గిపోతారు. మొంటారా లీకు తర్వాత నష్టాన్ని తేల్చడం కష్టమైంది కూడా, ముందు ఎలా ఉండేదో కొలిచి పెట్టుకోకపోవడం వల్లనే.

ఈ సముద్రంలో రక్షణ గీతలు కొత్త కాదు. ఉత్తరాన ఆష్‌మోర్ రీఫ్‌ను 1983లోనే ప్రకృతి సంరక్షణ కేంద్రం చేశారు. నైరుతిగా రౌలీ షోల్స్‌లోని మెర్మెయిడ్ రీఫ్‌కు 1991లో రక్షణ ఇచ్చారు. వాటి మధ్యలో ఉన్న స్కాట్ రీఫ్ చుట్టూ సముద్రానికి మాత్రం అలాంటి రక్షణ ఇవ్వలేదు. కింద గ్యాస్ ఉండటం తప్ప దానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. గీత ఒక్కటే అన్నిటినీ కాపాడదన్నదీ నిజం. ఆష్‌మోర్‌లో ఒకప్పుడు లెక్కలేనన్ని సముద్రపు పాములుండేవి, రక్షణ ఉన్నా దాదాపు కనుమరుగైపోయాయి. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. డస్కీ సీ స్నేక్ అనే అరుదైన పాము తైమూర్ సముద్రపు కొద్ది దిబ్బల మీదే బతుకుతుంది. అది ఆష్‌మోర్‌లో లేకుండా పోయింది. స్కాట్ రీఫ్‌లో ఉంది.

అందువల్ల స్కాట్ రీఫ్ చుట్టూ గీత గీయాలన్న కోరిక, బావుల్ని కొన్ని కిలోమీటర్లు పక్కకు జరపమన్న కోరిక ఒకటి కావు. పక్కకు జరిపితే బావులు అక్కడే ఉంటాయి, ఓడలు అక్కడే ఉంటాయి, దీపాలు అక్కడే వెలుగుతాయి. టొరోసాను భూమిలోనే వదిలేసి, దాని మీదున్న దిబ్బను ఆష్‌మోర్‌లా మెరైన్ పార్కుగా ప్రకటించి, రోటే పడవల హక్కును అందులో రాసి, ఏటా వెళ్లి కొలిచే పరిశోధకులకు ప్రభుత్వ ఖజానా నుంచే డబ్బు ఇవ్వడం చేయదగిన పని. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిన సాంకేతికత ఏదీ లేదు. 2016 తర్వాత మిగిలిన ఆ నాలుగో వంతు పగడాలకు, మార్చి పౌర్ణమి దాటిన రాత్రుల్లో ముందులాగే చీకటి దొరుకుతుంది.